ఆ గుండెకాయ ఎవరిది?

నేను బధిర పిల్లల ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెబుతాను. హాస్టల్ డ్యూటీ పడిన రోజుల్లో సాయంత్రం టీవీ గది కూడా నా బాధ్యతే. పిల్లలు రిమోట్ కోసం కొట్టుకోకుండా, రాత్రి తొమ్మిది దాటకుండా చూసుకోవాలి. అక్కడ కూర్చున్నంతసేపూ నా కళ్లు తెర మీద కంటే పిల్లల ముఖాల మీదే ఎక్కువగా ఉంటాయి. వాళ్లకు ఏం అందుతోంది, ఏం చేజారిపోతోంది అన్న ఆలోచన నన్ను వదలదు. దాని గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

రిమోట్ పిల్లల చేతికిస్తే ముందు పెట్టేది క్రికెట్. స్కోరు తెర మీదే ఉంటుంది. ఎన్ని బంతుల్లో ఎన్ని పరుగులు కావాలో అంకెల్లో కనిపిస్తుంది. పైగా మైదానంలో అంపైర్ ఉంటాడు. చెయ్యి అడ్డంగా ఊపితే ఫోరు, రెండు చేతులూ పైకెత్తితే సిక్సరు, వేలెత్తితే ఔటు. టీవీలో తమలాగా చేతులతో మాట్లాడే మనిషి మా పిల్లలకు ఆయనొక్కడే. తర్వాత కబడ్డీ, ఆ తర్వాత పిల్లీ ఎలుకా తరుముకునే కార్టూన్లు, పాత మూకీ సినిమాలు. సీరియల్ గానీ హాస్య కార్యక్రమం గానీ తగిలితే ఒక్క నిమిషం ఆగరు.

మాటలుండే కార్టూన్లను మాత్రం దాటలేరు, బొమ్మలు అంత బాగుంటాయి. మన హైదరాబాదులోనే తయారై 2008 నుంచి దేశమంతా పేరు తెచ్చుకున్న ఛోటా భీమ్ అంటే చిన్నవాళ్లకు ప్రాణం. లడ్డూ తింటే భీమ్‌కు బలం వస్తుందని వాళ్లకు తెలుసు. కాలియాకు భీమ్ అంటే పడదనీ తెలుసు. ఎందుకు పడదో, ఈ రోజు ఏం పన్నాగం పన్నాడో, చివర్లో అందరూ ఎందుకు నవ్వారో తెలియదు. పెదవుల కదలిక చూసి తెలుసుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. మనుషుల పెదవుల మీదే పాట, బాట, మాట మూడూ ఒక్కలా కనిపిస్తాయి. ఇక బొమ్మల నోళ్లంటారా, అవి ఊరికే తెరుచుకుని మూసుకుంటాయంతే. డబ్బింగ్ సీరియళ్లలో నటులు పలికేది ఒక భాష, స్పీకరులోంచి వచ్చేది తెలుగు. పెదవులు చదవడం ఏళ్ల తరబడి సాధన చేసిన పిల్లకు కూడా అక్కడ దొరికేది ఏమీ ఉండదు.

ఆదివారం సాయంత్రం సినిమా వేస్తాం. అప్పుడు మా గదిలో జరిగేది తప్పకుండా చెప్పాలి. బధిరులు ఒకరినొకరు పిలుచుకోవడానికి మనిషికొక సైగ పెట్టుకుంటారు. మా తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడికి కనుబొమ మీద గాటు ఉంది. చూపుడు వేలితో కనుబొమను గీసినట్టు చూపితే అదే వాడి పేరు. వినికిడి యంత్రం పెట్టుకుంటే వాడికి కొంత వినిపిస్తుంది. సినిమా మొదలవగానే టీవీ పక్కకు వెళ్లి, స్పీకరుకు చెవి ఆనించినంత దగ్గరగా నిలబడతాడు. విన్న ముక్కను విన్నట్టే చేతుల్లో పెడతాడు. తండ్రి అప్పు చేశాడు, వడ్డీ వ్యాపారి పొలం రాసిమ్మంటున్నాడు, అన్న కోపంతో ఊరు వదిలి వెళ్లిపోతున్నాడు. పాత్రకో నడక, పాత్రకో ముఖం. వడ్డీ వ్యాపారి వంతు వచ్చినప్పుడల్లా లేని మీసం మెలేస్తాడు. గది నిండా ఉన్న పిల్లల తలలు ఒకసారి తెర వైపు, ఒకసారి వాడి వైపు తిరుగుతూ ఉంటాయి. వినపడని చోట వాడు ఆగిపోడు, ఊహించి పూరిస్తాడు. ఒకసారి హీరో తల్లి చనిపోయిందని చెప్పేశాడు. చిన్నపిల్లలు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కాసేపటికి ఆవిడ ఆస్పత్రి మంచం మీద లేచి కూర్చుంది. గదిలో ఒకటే గోల. వాడు ఏమాత్రం తడబడకుండా డాక్టరు బతికించాడని సైగ చేసి కథను ముందుకు నడిపించాడు.

వాడి తెలివికి మురిసిపోతాను, అంతలోనే మనసు కష్టపెట్టుకుంటాను. ఒక పిల్లవాడు తన సినిమా తాను చూసుకోవడం మానుకుని, రెండున్నర గంటలు చెవులు రిక్కించి నిలబడి, సగం విని సగం అల్లి చెబితే తప్ప మిగతా పిల్లలకు కథ అందదా? వాడు చేస్తున్నది పెద్దవాళ్లు జీతం తీసుకుని చేయాల్సిన పని.

టీవీ అంటే వినోదమే కదా, పాఠమేమీ కాదు కదా అని తేలిగ్గా తీసిపారేసేవాళ్లున్నారు. వినపడే పిల్లలకు మాటలన్నీ ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. అమ్మ ఫోనులో మాట్లాడుతుంటే, తాతయ్య పక్కింటాయనతో వాదిస్తుంటే, టీవీలో వాన కబుర్లు వస్తుంటే ఎన్నో మాటలు చెవిన పడుతుంటాయి. అల్పపీడనం, బెయిలు, విడాకులు, ఉప ఎన్నిక. ఐదో తరగతికి వచ్చేసరికి ఇవన్నీ వాళ్లకు ఎంతో కొంత తెలుసు. ఎవరు నేర్పారంటే చెప్పలేరు. మా ఐదో తరగతి పిల్లకు అల్పపీడనం అంటే ఏమిటో చెప్పడానికి నేను నల్లబల్ల మీద సముద్రం గీసి, మబ్బులు గీసి, సైగ చేసి, రాయించి నేర్పాలి. ఒక్క మాటకు ఒక పూట పడుతుంది. చెవిన పడే దారి లేని పిల్లకు కనీసం కంటబడే దారైనా ఉండాలి. తెలుగు ఇళ్లలో అందుకు ఇప్పటికే సిద్ధంగా ఉన్న సాధనం టీవీ.

సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లొచ్చిన ఏడో తరగతి అమ్మాయి నాకు చెప్పిన సంగతి ఇది. రాత్రి భోజనాలయ్యాక అందరూ సీరియల్ ముందు చేరతారు. నాన్నమ్మ ఉన్నట్టుండి నోటి మీద చెయ్యి వేసుకుంటుంది. పిన్ని ఏదో అంటుంది. అందరూ నవ్వుతారు. ఈ పిల్ల అమ్మ మోచెయ్యి తట్టి ఏమిటని అడుగుతుంది. అమ్మ అరచెయ్యి చూపించి ఆగమంటుంది. ప్రకటనలు వచ్చినప్పుడు, వాళ్లిద్దరూ పోట్లాడుకున్నారని మాత్రం చూపిస్తుంది. పావుగంట కథకు దక్కేది ఒక్క వాక్యం. ఆ తల్లిని నేను తప్పు పట్టను. ఆమెకు సైగల భాష నేర్పే ఏర్పాటు ఎవరూ చేయలేదు. పగలంతా కూలి పనికి వెళ్లి వచ్చిన మనిషి ఆమె. ఇప్పుడు సీరియల్ మొదలవగానే లేచి వెళ్లి పడుకుంటానని చెప్పింది ఆ పిల్ల. ఆ ఇంట్లో అందరూ ఒక్కచోట కూర్చునే వేళ అదొక్కటే.

చట్టం లేదా అంటే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్‌లో, వినికిడి లోపం ఉన్నవాళ్లకు టీవీ కార్యక్రమాలు సైగల భాషతో గానీ సబ్‌టైటిల్స్‌తో గానీ అందేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని స్పష్టంగా ఉంది. అది సాంస్కృతిక జీవితం, వినోదం గురించిన సెక్షన్. అంటే వినోదం కూడా హక్కేనని చట్టం ఒప్పుకున్నట్టే. 2019 సెప్టెంబరులో కేంద్ర సమాచార, ప్రసార శాఖ దీనికి ప్రమాణాలు విడుదల చేసింది. వార్తా ఛానళ్లు రోజుకు ఒక్క బులెటిన్‌నైనా, మిగతా ఛానళ్లు వారానికి ఒక్క కార్యక్రమాన్నైనా ఇలా ఇవ్వాలి. అంతకు చాలా ముందే, 1987లో, దూరదర్శన్ బధిరుల కోసం వారానికోసారి ప్రత్యేక వార్తలు మొదలుపెట్టింది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్లు 50 లక్షలకు పైనే. వాళ్లకు ఎన్నికలూ తుపాన్లూ తెలియాలంటే వార్తలు అందాల్సిందే.

కానీ వార్తలు పెద్దవాళ్లవి. పిల్లల మాట ఎవరికీ తట్టదు. ఆ మధ్య ఒక ఛానల్ వారికి ఉత్తరం రాశాను, ఆదివారం పొద్దున వేసే పిల్లల కథలకు సైగల భాష జోడించగలరా అని. జవాబు రాలేదు. ఫోను చేస్తే, మధ్యాహ్నం వార్తల్లో వేస్తున్నాం కదండీ అన్నారు. ఆ వేళకు మా పిల్లలు తరగతిలో ఉంటారు. లేకపోయినా, ఎనిమిదేళ్ల పిల్లవాడు శాసనసభ వార్తలు చూసి ఏం చేసుకుంటాడు? వాడికి కథ కావాలి.

ఈ సంగతి బ్రిటన్‌లో ఎప్పుడో గుర్తించారు. బీబీసీ 1952లోనే బధిర పిల్లల కోసం విడిగా ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. 1964లో దాని స్థానంలో విజన్ ఆన్ వచ్చింది. మాటలు బాగా తగ్గించి బొమ్మలు, మూకాభినయం, పిల్లలు గీసి పంపిన చిత్రాలతో 1976 దాకా నడిపారు. వినపడే పిల్లలు కూడా దాన్ని ఇష్టంగా చూశారు. అమెరికాలో 1972లో ఒక వంటల కార్యక్రమానికి తొలిసారి క్యాప్షన్లు, అంటే మాటలనూ చప్పుళ్లనూ తెర మీద చూపే అక్షరాలు, వేశారు. 1980 నుంచి కావాలనుకున్నవాళ్లకే కనిపించే క్యాప్షన్లు వచ్చాయి. అయితే వాటి కోసం టీవీకి విడిగా ఒక పెట్టె కొని తగిలించుకోవాలి. 1990లో చట్టం చేసి, 1993 నుంచి 13 అంగుళాలకు తగ్గని ప్రతి కొత్త టీవీలోనూ ఆ ఏర్పాటు ఉండి తీరాలన్నారు. పెట్టె కొనుక్కునే స్తోమత లేని ఇంటి పిల్లకూ క్యాప్షన్లు అందించిన ఆ నిర్ణయమంటే నాకు చాలా గౌరవం. మా హాస్టల్ సెట్‌టాప్ బాక్సు రిమోట్ మీద కూడా సబ్‌టైటిల్స్ మీట ఉంది. పిల్లల కార్యక్రమాలు వచ్చేటప్పుడు నొక్కి చూస్తుంటాను. ఇంతవరకు ఒక్క అక్షరం రాలేదు.

ఓటీటీలు వచ్చాక సబ్‌టైటిల్స్ మనకూ అలవాటయ్యాయి. అయితే తెలుగు సినిమా కింద ఎక్కువగా కనిపించేవి ఇంగ్లీషు అక్షరాలే. అవి తెలుగు రాని ప్రేక్షకుల కోసం. మా పిల్లలు కూడబలుక్కుని చదవగలిగేది తెలుగు. తెలుగు సినిమాకు తెలుగు అక్షరాలు ఎందుకు, అందరికీ అర్థమవుతుంది కదా అనుకుంటారు. ఆ అందరిలో మా పిల్లలు లేరు.

ఒక వేసవిలో నేనే మొదలుపెట్టాను. పిల్లల కథలు వీడియోలుగా చేసే ఒక మిత్రురాలు తన కోతి, మొసలి కథను వాడుకోమని ఇచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చుని మాట మాటకూ ఆపుతూ తెలుగు క్యాప్షన్లు రాశాను. కథ అందరికీ తెలిసిందే. మొసలి భార్యకు కోతి గుండెకాయ మీద ఆశ పుడుతుంది. మొసలి కోతిని వీపు మీద ఎక్కించుకుని నది మధ్యకు తీసుకెళ్లి అసలు సంగతి చెబుతుంది. అప్పుడు కోతి, "నా గుండెకాయ చెట్టు మీదే ఉండిపోయింది" అంటుంది. నాలుగో తరగతిలో వేసి చూపించాను. ఒక పిల్ల లేచి వచ్చి తెర మీద ఆ వాక్యాన్ని వేలితో తాకి, ఎవరిది అని అడిగింది. మొసలిదా, కోతిదా? బొమ్మలో రెండు నోళ్లూ కదులుతున్నాయి. వినపడేవాళ్లకు గొంతు చెబుతుంది మాట ఎవరిదో. ఆ పిల్లకు ఎవరు చెప్పాలి? మర్నాటికి కోతి మాటలకు పసుపు రంగు, మొసలి మాటలకు ఆకుపచ్చ రంగు వేశాను. ఇప్పుడు గుండెకాయ కోతిదని అందరికీ తెలిసింది.

అయినా కథ తెలియలేదు. కోతి గుండెకాయ నిజంగానే చెట్టు మీద ఉందని నమ్మారు వాళ్లు. ఒకడు చెట్టు బొమ్మలో దాన్ని వెతుకుతున్నాడు కూడా. అక్షరానికి గొంతు లేదు. కోతి ఆ మాట అన్నప్పుడు వీడియోలో గొంతు కాస్త సాగుతుంది, వినపడే పిల్లవాడు అక్కడే పసిగట్టి నవ్వుతాడు. బ్రాకెట్లో "అబద్ధం చెబుతూ" అని రాయవచ్చు. రాస్తే ఆ నవ్వు పుట్టదు.

మా బడిలో చదువుకుని వెళ్లిన ఒక బధిర యువతిని పిలిచాను. ఆమె కథ మొత్తం సైగల భాషలో చెబుతుంటే రికార్డు చేసి తెర కుడి వైపున పెట్టాం. మొసలి మాట్లాడేటప్పుడు ఒక పక్కకు తిరిగి దవడలు బిగించింది. కోతి మాట్లాడేటప్పుడు రెండో పక్కకు తిరిగి బుగ్గలు ఉబ్బించింది. రంగులతో పని లేకుండానే ఎవరి మాట ఎవరిదో తెలిసిపోయింది. గుండెకాయ మాట దగ్గర మొసలి వైపు అమాయకంగా ముఖం పెట్టి, ఆ వెంటనే చూసేవాళ్ల వైపు ఒక్క చూపు విసిరింది. గది గదంతా పగలబడి నవ్వింది. వెతికినవాడే అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఆ తర్వాత మళ్లీ వేయమన్నారు, మళ్లీ వేయమన్నారు. అర్థం తెలిసిపోయాక కళ్లు వాటంతటవే కింది అక్షరాల మీదకు వెళ్లాయి. ఉండిపోయింది అన్న మాటను ఆ వారం పిల్లలు తమ నోటు పుస్తకాల్లో సొంత వాక్యాల్లో రాశారు. టిఫిన్ డబ్బా ఇంట్లో ఉండిపోయింది, చెప్పు బస్సులో ఉండిపోయింది.

సైగల భాషో సబ్‌టైటిల్సో ఏదో ఒకటి ఉంటే చాలని చట్టం అనుకుంటుంది. పెద్దలకు సరిపోతుందేమో. బాగా చదవగలిగిన బధిరుడికి సబ్‌టైటిల్స్ చాలు. పిల్లలకు రెండూ కావాలి. సైగల వల్ల కథ అందుతుంది, కథ అందాక అక్షరం అందుతుంది. కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం, పెట్టించుకున్న పిల్లలకు కూడా అక్షరం తోడుంటే విన్న మాట స్థిరపడుతుంది. నేను అన్నింటికంటే గట్టిగా చెప్పదలచింది ఇదే.

ఈ పని చేయాలనుకునేవాళ్ల కోసం మా పిల్లల దగ్గర నేర్చుకున్నవి కొన్ని రాస్తున్నాను. తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. రెండు వరుసలను ఇరికించి వేస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులతో కలిసిపోతాయి. ఇంగ్లీషుకు సరిపోయే ఎడం మనకు చాలదు. వెళ్ళాలనుకున్నాడు అని ఒకే ముద్దగా రాసే కంటే వెళ్ళాలి అనుకున్నాడు అని విడదీస్తే చిన్నవాళ్లు ఆగకుండా చదువుతారు. మాట పూర్తయ్యాక కూడా అక్షరం తెర మీద కాసేపు నిలవాలి, పిల్లవాడు బొమ్మను కూడా చూడాలి కదా. హాస్యం ముందే బయటపడేలా ప్రశ్ననూ జవాబునూ ఒకేసారి వేయకూడదు. తలుపు చప్పుడు, ఉరుము, వెనక నుంచి ఎవరో పిలవడం తప్పకుండా రాయాలి. లేకపోతే పాత్ర ఉన్నట్టుండి వెనక్కి ఎందుకు తిరిగిందో తెలియదు. కంప్యూటర్ తనంతట తాను విని రాసే క్యాప్షన్లను మనిషి దిద్దకుండా పిల్లలకు చూపించకండి. తప్పు మాట వస్తే మనం చెవితో సరిచేసుకుంటాం, వాళ్లు ఆ తప్పునే నేర్చుకుంటారు.

సైగలు చేసే మనిషిని మూలన బొటనవేలంత పెట్టెలో పెడితే గది వెనక కూర్చున్న పిల్లకు వేళ్లు కనిపించవు. సైగల భాషలో ముఖానిది సగం పని. కనుబొమలు పైకి లేచాయా, ముడిపడ్డాయా అన్నదాన్ని బట్టి వాక్యం మారిపోతుంది. తల నుంచి నడుము దాకా, మోచేతులు పూర్తిగా పడేలా చూపాలి. చేతుల రంగుకు భిన్నంగా ఉండే ఒకే రంగు దుస్తులు వేసుకోవాలి. కింద స్క్రోలింగ్ వచ్చి చేతులను కప్పకూడదు.

ఖర్చు మాట ఎలాగూ వస్తుంది. భారతీయ సైగల భాషలో ప్రాంతాన్ని బట్టి కొన్ని సైగలు మారినా దేశమంతటా భాష దాదాపు ఒకటే. ఒక కార్టూన్‌ను తెలుగు, తమిళం, హిందీల్లో డబ్బింగ్ చేయడానికి ప్రతి భాషకూ గొంతులు కావాలి. సైగల భాష ఒక్కసారి రికార్డు చేస్తే చాలు, అన్ని భాషల ప్రసారాలకూ పనికొస్తుంది. ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి 10,000 పదాల నిఘంటువును సిద్ధం చేసింది. బడి పాఠాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే పీఎం ఈ-విద్య టీవీ ఛానళ్లలో 31వదాన్ని 2024 డిసెంబరులో పూర్తిగా సైగల భాషకే కేటాయించారు. పాఠాలకు దారి పడింది. 2020 కరోనా నెలల్లో దూరదర్శన్ సప్తగిరి ఛానల్లో పాఠాలు వచ్చినప్పుడు, బోర్డు వైపు తిరిగి మాట్లాడే మాస్టారి వీపును చూస్తూ కూర్చున్న మా పదో తరగతి పిల్లల్ని తలచుకుంటే ఇది ఎంత పెద్ద అడుగో తెలుస్తుంది. ఇప్పుడు కథలకు, కార్టూన్లకు ఆ దారి పడాలి.

తెలుగులో పిల్లల వీడియోలు చేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే నాదొక విన్నపం. మీ దగ్గర స్క్రిప్టు ఉంటుంది. దాన్ని దాచి ఉంచండి, క్యాప్షన్ల పనిలో సగం అదే. దగ్గరలోని బధిర పిల్లల బడికి వెళ్లి ఒకసారి వేసి చూపించండి. ఎక్కడ అర్థం కాలేదో వాళ్లే లేచి వచ్చి వేలు పెట్టి చూపిస్తారు. ఇంట్లో వినపడని బిడ్డ ఉన్న తల్లిదండ్రులు టీవీ చూసేటప్పుడు దీపం ఆర్పకండి, చీకట్లో చేతులు కనిపించవు. బిడ్డకు మీ ముఖం కూడా కనబడేలా టీవీ పక్కగా కూర్చుని, ప్రకటనలు వచ్చినప్పుడు కథను మీకు చేతనైన సైగలతోనే చెప్పండి. వచ్చే నెల హాస్టల్లో కాకి, పాము కథ వేస్తున్నాం. ఈసారి పాము పాత్రకు సైగలు చేసేది మా కనుబొమ గాటు పిల్లవాడే.